పెట్రోల్ కారును కరెంటు కారుగా మార్చాలంటే: లెక్కలు, పనులు, ఖర్చులు

పాత కారుకు ఎలక్ట్రిక్ మోటారు బిగించాలనుకునేవాళ్లు చాలామంది మోటారు వెతకడంతో మొదలుపెడతారు. ఎన్ని కిలోవాట్లు, ఎంత టార్క్ అని చూసి కొనేస్తారు, బ్యాటరీ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. కారు ఎంత దూరం వెళ్తుందో, ఎంత బరువెక్కుతుందో, జేబుకు ఎంత చిల్లు పడుతుందో తేల్చేది బ్యాటరీ. మోటారు ఎన్ని వోల్టులదై ఉండాలో కూడా అదే చెబుతుంది. కాబట్టి ముందు బ్యాటరీ లెక్క కట్టండి. అంత సైజు డబ్బాను అట్టముక్కలతో చేసి కారులో పడుతుందో లేదో పెట్టి చూడండి. ఆ తర్వాతే మోటారు జోలికి వెళ్లండి.

ఎలాంటి కారు తీసుకోవాలి

ఖాళీ బరువు 1,200 కిలోలు దాటని, మాన్యువల్ గేర్లున్న, తుప్పు పట్టని కారు ఈ పనికి బాగా నప్పుతుంది. ఇంజన్ చెడిపోయి ఉన్నా ఇబ్బంది లేదు, పైగా అలాంటి బండి చవగ్గా దొరుకుతుంది. గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ మాత్రం బాగుండాలి. ఫ్లోరు కింద, సస్పెన్షన్ తగులుకునే చోట్ల స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. రేకు లోపలికి దిగిందంటే ఆ కారు వదిలేయండి. రెండు వందల కిలోల బ్యాటరీ బాక్సు వేలాడేది ఆ రేకు మీదే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో చిక్కు ఏమిటంటే, దాని ఆయిల్ పంపును ఇంజనే తిప్పుతుంది. మోటారు సిగ్నల్ దగ్గర ఆగితే పంపూ ఆగుతుంది, ప్రెషర్ పడిపోతుంది, కదిలేటప్పుడు లోపలి క్లచ్‌లు జారి అరిగిపోతాయి. మోటారును ఐడిల్‌లో తిప్పుతూ ఉంచొచ్చుగానీ అదంతా బ్యాటరీలోంచి పోయే దండగ ఖర్చు. మాన్యువల్ గేరే మేలు.

కొత్త తరం కార్లది ఇంకో సమస్య. ఇంజన్ కంప్యూటర్, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, డాష్‌బోర్డు ఒకదానితో ఒకటి క్యాన్ బస్ అనే డేటా తీగల మీద మాట్లాడుకుంటాయి. ఇంజన్ కంప్యూటర్ తీసేయగానే ‘ఇంజన్ తిరుగుతోంది’ అనే సందేశం ఆగిపోతుంది. దాంతో స్టీరింగ్ బిగుసుకుంటుంది, హెచ్చరిక లైట్లన్నీ వెలుగుతాయి. ఆ సందేశాలను మైక్రోకంట్రోలర్‌తో తయారుచేసి పంపొచ్చు, కానీ ఒక్కో కారుకు ఒక్కో రకం కోడ్ వెతకాలి. మొదటిసారి చేసేవాళ్లు క్యాన్ బస్ రాకముందు తరం కారు తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇంజన్ విప్పకముందే రెండు పనులు చేసి రాసిపెట్టుకోండి. కారును కాటాకు తీసుకెళ్లి ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూకం వేయించండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలవండి. పని అయ్యాక స్ప్రింగులు మార్చాలా వద్దా అన్నది ఈ అంకెలే చెబుతాయి.

కాగితాల పని కూడా ముందే. ఇంధనం రకం మారితే రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా అన్నీ మారాలి. కొన్నిచోట్ల ఆమోదం పొందిన కిట్ తప్ప సొంతంగా చేసిన మార్పును ఒప్పుకోరు, కొన్నిచోట్ల ఇంజనీరు సంతకంతో ఒప్పుకుంటారు. ఒక్క బోల్టు విప్పే ముందే రవాణా శాఖ దగ్గర, బీమా కంపెనీ దగ్గర రాతపూర్వకంగా కనుక్కోండి.

బ్యాటరీ ఎంత కావాలి

చిన్న కారుకు కిలోమీటరుకు 130 నుంచి 150 వాట్-అవర్లు, మధ్యరకం సెడాన్‌కు 150 నుంచి 200, పెద్ద ఎస్‌యూవీకి 250, ఆపైన ఖర్చవుతుంది. ఇది ఎలా వస్తుందో ఒకసారి లెక్క వేస్తే మీ కారుకు మీరే వేసుకోగలరు. 1,200 కిలోల కారు గంటకు 90 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్లతో పోతోందనుకోండి. గాలి నిరోధం సుమారు 260 న్యూటన్లు, టైర్ల నిరోధం సుమారు 140. మొత్తం 400 న్యూటన్లను 25తో గుణిస్తే 10 కిలోవాట్లు. గేర్‌బాక్స్, మోటారు, ఇన్వర్టర్‌లో (బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే పెట్టె) పోయే నష్టాలు కలిపితే బ్యాటరీ నుంచి 12 కిలోవాట్లు లాగుతుంది. గంటకు 90 కి.మీ.కి 12 కిలోవాట్-అవర్లంటే కిలోమీటరుకు దాదాపు 133. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 110లో నడిపితే ఈ లెక్క చెల్లదు.

ఇప్పుడు మీకు నిజంగా కావాల్సిన దూరం రాసుకోండి. రోజూ 80 కి.మీ. తిరిగేవాళ్లు 300 కి.మీ. బ్యాటరీ పెట్టుకుంటే వృథాగా బరువు మోయడమే. రోజూ తిరిగే దూరానికి ఒకటిన్నర రెట్లు చాలు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి 85 శాతమే వాడకానికి వస్తుందనుకోండి. 30 కిలోవాట్-అవర్ల బ్యాటరీలో వాడేది 25.5. కిలోమీటరుకు 150 చొప్పున 170 కి.మీ. వస్తుంది. వయసు మీద పడే కొద్దీ కెపాసిటీ తగ్గుతుంది, చలికాలంలో ఇంకొంత తగ్గుతుంది. 170 అని లెక్క వచ్చిన కారును 130 కి.మీ. కారుగా చూసుకుంటే దారిలో ఆగిపోరు.

బరువు లెక్క ఇలా ఉంటుంది. చిన్న పెట్రోల్ కారులోంచి ఇంజన్, సైలెన్సర్, రేడియేటర్, ట్యాంకు, నిండు పెట్రోలు తీసేస్తే సుమారు 170 కిలోలు తగ్గుతాయి. దాని స్థానంలో 200 కిలోల సెల్స్, 40 కిలోల బాక్సులు, 55 కిలోల మోటారు, ఇన్వర్టర్, ఛార్జర్, కేబుళ్లు కలిపి మరో 40 వస్తాయి. నికరంగా 165 కిలోలు పెరిగాయి, అంటే ఇద్దరు మనుషులు, వాళ్ల సామాన్ల బరువు. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ మొత్తం బరువులోంచి ఆ ఇద్దరినీ తీసేసుకోవాలి. ఆ బరువు దాటితే బ్రేకులు, టైర్లు, చక్రాల బేరింగులు తట్టుకోవు. ముందున్న ఇంజన్ బరువు పోయి డిక్కీలో బ్యాటరీ చేరితే ముందు టైర్ల పట్టు కూడా తగ్గుతుంది. బ్యాటరీని రెండు బాక్సులుగా చేసి ఒకటి ఇంజన్ గదిలో, ఒకటి పెట్రోల్ ట్యాంకు ఉన్న చోట పెట్టడం అందుకే మంచిది. ఢీకొన్నప్పుడు నలిగే భాగాల్లో, అంటే బంపర్ల వెనకే, సెల్స్ పెట్టకండి.

ఏ సెల్స్ కొనాలి

దారులు మూడు. కొత్త ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్, ప్రమాదానికి గురైన ఎలక్ట్రిక్ కారులోంచి తీసిన మాడ్యూళ్లు, కొత్త ఎన్‌ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం లిథియం) సెల్స్. లెడ్-యాసిడ్ మాట మర్చిపోండి. అదే శక్తికి బరువు మూడు నాలుగు రెట్లుంటుంది, ఎక్కువ కరెంటు లాగితే కెపాసిటీ సగానికి సగం పడిపోతుంది.

ఎల్ఎఫ్‌పీ సెల్ సగటు వోల్టేజి 3.2, నిండా 3.65, అడుగున 2.5. 100 ఆంప్-అవర్ల సెల్స్ 96 వరుసగా కలిపితే 307 వోల్టులు, 30.7 కిలోవాట్-అవర్లు, బరువు సుమారు 200 కిలోలు. వేడెక్కి అంటుకునే ప్రమాదం ఎన్‌ఎంసీ కంటే తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఇంట్లో చేసుకునే పనికి ఇదే మా సిఫారసు. అయితే ఒక మోసం ఉంది. సోలార్ నిల్వ కోసం చేసిన ఎల్ఎఫ్‌పీ సెల్స్ చవగ్గా దొరుకుతాయి, కానీ వాటిలో చాలావాటి నుంచి 1సీ మించి లాగకూడదు. 100 ఆంప్-అవర్ల సెల్ నుంచి 100 ఆంప్సే అన్నమాట. 307 వోల్టుల దగ్గర అది 30 కిలోవాట్లు. సమతల రోడ్డు మీద సరిపోతుంది, నిండుగా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు సెల్ వోల్టేజి కుంగి బీఎంఎస్ (సెల్స్‌ను కాపలా కాసే బోర్డు) కరెంటు ఆపేస్తుంది. డేటాషీట్‌లో 3సీ పల్స్ డిశ్చార్జ్ అని రాసి ఉన్నవే కొనండి. వచ్చిన ప్రతి సెల్‌నూ వోల్టేజి, ఇంటర్నల్ రెసిస్టెన్స్ కొలిచి, నంబరు వేసి పట్టికలో రాయండి. మిగతావాటి కంటే రెసిస్టెన్స్ బాగా ఎక్కువున్న సెల్‌ను వెనక్కి పంపండి, మొత్తం ప్యాక్ అదే స్థాయికి దిగిపోతుంది.

పాత కారు మాడ్యూళ్లలో నిస్సాన్ లీఫ్‌వి వాడటం తేలిక. 24 కిలోవాట్-అవర్ల మొదటి తరం ప్యాక్‌లో 48 మాడ్యూళ్లుంటాయి, ఒక్కోటీ 3.8 కిలోలు, మొత్తం 360 వోల్టులు. నీటి కూలింగ్ అవసరం లేని డిజైన్ అది, చదునుగా ఉండటం వల్ల ఎక్కడైనా పేర్చుకోవచ్చు. కానీ వేడి ప్రాంతంలో తిరిగిన లీఫ్ ప్యాక్ కెపాసిటీ బాగా తగ్గి ఉంటుంది, కొనేముందు ఛార్జ్-డిశ్చార్జ్ చేసి కొలవాల్సిందే. టెస్లా మోడల్ ఎస్ మాడ్యూల్‌లో 444 చిన్న సెల్స్, సుమారు 22 వోల్టులు, 5.2 కిలోవాట్-అవర్లు, బరువు పాతిక కిలోలు. కిలోకు వచ్చే శక్తి ఎక్కువే, అయితే కూలెంట్ తిప్పకుండా దాన్ని వాడకూడదు.

ఎల్ఎఫ్‌పీ సెల్స్‌ను ప్యాక్‌గా కట్టేముందు బ్యాలెన్స్ చేయడం తప్పనిసరి. ముందు ఒక్కోదాన్ని దాదాపు నిండేదాకా ఛార్జ్ చేసి, ఆ తర్వాత అన్నింటినీ పారలల్‌గా కలిపి, 3.65 వోల్టులకు సెట్ చేసిన పవర్ సప్లైతో కరెంటు దాదాపు సున్నాకు వచ్చేదాకా ఉంచాలి. ఈ పని దాటేస్తే ఒక సెల్ ముందే నిండిపోతుంది, మిగతావి నిండకుండానే ఛార్జింగ్ ఆగుతుంది. బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ కరెంటు చాలా చిన్నది, అంత తేడాను సరిచేయడానికి దానికి వారాలు పడుతుంది. ఇంకో సంగతి, ఎల్ఎఫ్‌పీ వోల్టేజి 20 నుంచి 90 శాతం మధ్య దాదాపు కదలదు. వోల్ట్‌మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేరు, వచ్చే పోయే కరెంటును లెక్కపెట్టే షంట్ కావాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఏ లిథియం సెల్‌నూ ఛార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని కెపాసిటీ పోతుంది, షార్ట్ అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

సెల్స్‌ను ఒకదానితో ఒకటి కలిపే లోహపు పట్టీల, అంటే బస్‌బార్ల, బోల్టుల దగ్గర ఓపిక కావాలి. టెర్మినల్ ముఖాన్ని సన్న ఎమెరీతో రుద్ది, వెంటనే ఆక్సైడ్ పట్టకుండా పేస్ట్ పూసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచితో బిగించి, బోల్టు మీద పెయింట్ గీత పెట్టండి. ఒక్క జాయింటు వదులై 1 మిల్లీఓమ్ రెసిస్టెన్స్ వచ్చినా, 300 ఆంప్స్ దగ్గర అది 90 వాట్ల వేడి. అర అంగుళం జాగాలో 90 వాట్లంటే టెర్మినల్ ప్లాస్టిక్ కరగడానికి చాలు.

మోటారు, దాన్ని గేర్‌బాక్స్‌కు కలపడం

వోల్టేజి ఎక్కువైతే మేలు. 60 కిలోవాట్లు కావాలంటే 100 వోల్టుల వ్యవస్థలో 600 ఆంప్స్, 300 వోల్టులకు 200 ఆంప్స్. కేబుళ్లలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే తొమ్మిది రెట్ల తేడా. 100 వోల్టుల చుట్టూ నడిచే హైపర్ 9 లాంటి మోటార్లు చిన్న కార్లకు బాగుంటాయి, సెల్స్ తక్కువ కాబట్టి బీఎంఎస్ చిన్నది, కానీ కేబుళ్లు లావుగా ఉండాలి. లీఫ్ మోటారు 80 కిలోవాట్లు, మొదటి తరంలో 280 న్యూటన్-మీటర్లు. దాని సొంత గేర్‌బాక్సుతో సహా తెచ్చి చక్రాలకు కలిపితే మోటారును పాత గేర్‌బాక్స్‌కు అతికే అడాప్టర్ పని ఉండదు, డ్రైవ్‌షాఫ్టులు మాత్రం కొత్తగా చేయించాలి. ఇన్వర్టర్‌లోని కంట్రోల్ బోర్డు మార్చడానికి ఓపెన్‌ఇన్వర్టర్ ప్రాజెక్టు బోర్డులున్నాయి.

సొంత గేర్‌బాక్స్ ఉంచుకుంటే అడాప్టర్ ప్లేటు, మోటారు షాఫ్ట్‌ను ఫ్లైవీల్‌కు కలిపే కప్లర్ లేత్ మీద చేయించాలి. ఈ పనిలో అంతా కొలతల్లోనే ఉంది. ఇంజన్ ఇంకా కారులో ఉండగానే గేర్‌బాక్స్ దించి, ఫ్లైవీల్ ముఖం నుంచి ఇంజన్ బ్లాక్ వెనక ముఖం దాకా దూరం డెప్త్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి. మోటారు షాఫ్టు మీద ఫ్లైవీల్ సరిగ్గా అదే దూరంలో కూర్చోవాలి, అర మిల్లీమీటరు కంటే తేడా రాకూడదు. తేడా వస్తే క్లచ్ పూర్తిగా విడవదు, లేదా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొన మోటారును నెట్టి బేరింగును నలుపుతుంది.

బోల్టు రంధ్రాలను కాగితం మీద అచ్చు తీసి ప్లేటు చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. బోల్టులు బిగించడానికే, కేంద్రం పట్టేవి గేర్‌బాక్స్ ముందు గంట ఆకారపు తొడుగు (బెల్ హౌసింగ్) లోని రెండు డోవెల్ పిన్నులు. ప్లేటు మీద డోవెల్ రంధ్రాలను ఇన్‌పుట్ షాఫ్ట్ కేంద్రం నుంచి కొలిచి గుర్తించాలి. బిగించాక మోటారు షాఫ్ట్‌కు డయల్ గేజ్ పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పితే ముల్లు మొత్తం 0.1 మి.మీ. మించి కదలకూడదు. అంతకంటే ఎక్కువ వదిలేస్తే మొదట సన్నటి కూతలా శబ్దం వస్తుంది, తర్వాత ఆయిల్ సీల్ కారుతుంది, చివరికి స్ప్లైన్లు అరిగి షాఫ్ట్ ఖాళీగా తిరుగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను పట్టే పైలట్ బేరింగ్ ఉన్న కార్లలో కప్లర్ మధ్యలో దాని చోటు మర్చిపోవద్దు. కప్లర్‌ను గ్రబ్ స్క్రూ ఒక్కదానితో పట్టించకండి, టేపర్ లాక్ బుష్, కీ రెండూ ఉండాలి. మోటారు ముందుకూ వెనక్కీ టార్క్ ఇస్తుంది కాబట్టి స్క్రూ ఒక్కటే ఉంటే వదులవుతుంది.

క్లచ్ ఉంచడమే మా మాట. ఉంటే గేరు మార్చడం త్వరగా అవుతుంది, గేర్‌బాక్స్‌కు దెబ్బ తగలదు. క్లచ్ ఉన్నా లేకపోయినా ఇన్వర్టర్ సెట్టింగుల్లో గరిష్ఠ టార్క్‌ను ఆ గేర్‌బాక్స్‌తో వచ్చిన ఇంజన్ టార్క్ దగ్గరే కట్టేయండి. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది, అలాంటి బలానికి ఆ గేర్లను చేయలేదు. నడపడానికి ఎక్కువగా రెండో గేరు, మూడో గేరు చాలు.

హై వోల్టేజి వైరింగ్

అంతర్జాతీయంగా యూఎన్ రెగ్యులేషన్ 100 ప్రకారం 60 వోల్టుల డీసీ దాటితే అది హై వోల్టేజి. ప్రాణం తీసే వోల్టేజి ఇది. 1,000 వోల్టుల క్లాస్ 0 గ్లౌజులు, ఇన్సులేటెడ్ పానాలు లేకుండా ముట్టుకోకండి, ఒంటి మీద ఉంగరం, గడియారం ఉంచుకోకండి, ఒంటరిగా పనిచేయకండి. ప్యాక్ మధ్యలో చేత్తో లాగేసే సర్వీస్ డిస్‌కనెక్ట్ పెట్టండి. అది లాగితే ప్యాక్ రెండు సగాలవుతుంది, అయితే ఒక్కో సగంలో ఇంకా 150 వోల్టులుంటాయన్నది మర్చిపోవద్దు.

ఫ్యూజు డీసీ రేటింగ్‌ది, మీ ప్యాక్ గరిష్ఠ వోల్టేజి కంటే ఎక్కువ వోల్టులది అయ్యుండాలి. ఏసీ కరెంటు సెకనుకు చాలాసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఫ్యూజు తెగినప్పుడు నిప్పు ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా లేదు, ఏసీ ఫ్యూజు తెగాక కూడా లోపల ఆర్క్ మండుతూనే ఉంటుంది. ఫ్యూజు ఎంత షార్ట్ కరెంటును తెంచగలదో కూడా చూడాలి. 96 సెల్స్ రెసిస్టెన్స్, కేబుళ్లు కలిపి 60 మిల్లీఓమ్‌లు అనుకుంటే 307 వోల్టులకు షార్ట్ కరెంటు 5,000 ఆంప్స్ దాటుతుంది.

ప్రీఛార్జ్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఇన్వర్టర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. మెయిన్ కాంటాక్టర్ (ప్యాక్ కరెంటును కలిపే, తెంచే పెద్ద రిలే) నేరుగా మూస్తే క్షణంలో వేల ఆంప్స్ దూకి, కాంటాక్టర్ ముఖాలు వెల్డ్ అయి అతుక్కుపోతాయి. ఆ తర్వాత తాళం తీసేసినా కరెంటు ఆగదు. అందుకే ముందు ఒక చిన్న రిలే, ఒక రెసిస్టర్ ద్వారా కెపాసిటర్లను నింపాలి. 1,000 మైక్రోఫారడ్లకు 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అర సెకనులో 99 శాతం నిండుతుంది. మొదటి క్షణంలో రెసిస్టర్ మీద వెయ్యి వాట్లకు పైగా పడుతుంది కాబట్టి 50 వాట్ల వైర్‌వౌండ్ రకం, పల్స్ తట్టుకునేదే వాడండి. టైమర్‌ను నమ్మి మెయిన్ మూయకండి. ఇన్వర్టర్ వైపు వోల్టేజి బ్యాటరీలో 95 శాతానికి చేరిందని కొలిచాకే మూయాలి, రెండు సెకన్లలో చేరకపోతే మొత్తం ఆపేయాలి. ఈ షరతు లేకపోతే, ప్యాక్ నుంచి 12 వోల్టులు తయారుచేసే డీసీ-డీసీ కన్వర్టర్ ముందే ఆన్ అయి కరెంటు లాగుతున్నప్పుడు వోల్టేజి ఎప్పటికీ పెరగదు, రెసిస్టర్ మాడిపోతుంది. కాంటాక్టర్లు ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి ఉండాలి. కొన్ని రకాలకు దిశ ఉంటుంది, తిరగేసి బిగిస్తే ఆర్క్ ఆరదు, మీద ఉన్న గుర్తు చూడండి.

కేబుళ్లు నారింజ రంగువి, 300 ఆంప్స్ పీక్‌కు 50 నుంచి 70 చదరపు మి.మీ. రాగివి. లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కాలి. హై వోల్టేజి మైనస్‌ను కారు బాడీకి ఎప్పుడూ కలపకూడదు. అది 12 వోల్టుల పద్ధతి. ఇక్కడ రెండు తీగలూ బాడీకి దూరంగా ఉండాలి. అంతా అయ్యాక ఇన్సులేషన్ టెస్టర్‌తో కొలిస్తే, మోటారు వైపు ఏసీ కూడా కలిసి ఉన్న వ్యవస్థకు వోల్టుకు కనీసం 500 ఓమ్‌లు రావాలి. 360 వోల్టులకు 1,80,000 ఓమ్‌లు. ఇది అట్టడుగు హద్దు, శుభ్రంగా చేసిన పనిలో మెగాఓమ్‌లు వస్తాయి. టెస్టర్ వాడేముందు బీఎంఎస్ లాంటి సున్నితమైన బోర్డులను విడదీయండి.

ఇంజన్‌తో పోయిన పనులు

ఇంజన్ తీసేస్తే బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్, పవర్ స్టీరింగ్ పంపు, ఆల్టర్నేటర్, హీటర్, ఏసీ కంప్రెసర్ అన్నీ ఒకేసారి పోతాయి. వీటిలో బ్రేకులు మొదటివి. 12 వోల్టుల వాక్యూమ్ పంపు, ఒకటి రెండు లీటర్ల రిజర్వాయర్, నాన్-రిటర్న్ వాల్వ్, ప్రెషర్ స్విచ్ పెట్టండి. పంపు ఆపేసి పెడల్‌ను మూడుసార్లు పూర్తిగా తొక్కినా బూస్ట్ మిగిలి ఉండాలి, మిగలకపోతే రిజర్వాయర్ చిన్నది లేదా ఎక్కడో లీకు. వాక్యూమ్ తగ్గితే మోగే బజర్ తప్పకుండా పెట్టాలి.

డీసీ-డీసీ కన్వర్టర్ ఆల్టర్నేటర్ పని చేస్తుంది. లైట్లు, వైపర్లు, బ్లోయర్, వాక్యూమ్ పంపు, కూలెంట్ పంపు అన్నీ కలిపి 50 ఆంప్స్ దాకా వెళ్తాయి. ఎలక్ట్రిక్-హైడ్రాలిక్ స్టీరింగ్ పంపు పెడితే పార్కింగ్‌లో అదొక్కటే 60, 70 ఆంప్స్ లాగుతుంది. కనీసం 1 కిలోవాట్ కన్వర్టర్ తీసుకుని, 12 వోల్టుల బ్యాటరీని ఉంచండి. కన్వర్టర్ చెడినా బ్రేక్ పంపు, లైట్లు, కాంటాక్టర్లు కాసేపైనా పనిచేయాలి. కరెంటుతో నడిచే 5 కిలోవాట్ల పీటీసీ హీటర్ గంటసేపు పూర్తిగా పనిచేస్తే 30 కి.మీ.కు పైగా దూరం మింగేస్తుంది, చలి ప్రాంతాలవాళ్లు బ్యాటరీ లెక్కలోనే దీన్ని కలుపుకోవాలి.

యాక్సిలరేటర్ పెడల్‌కు రెండు విడి సెన్సర్లున్నదే వాడండి. రెండింటి లెక్క పొసగకపోతే ఇన్వర్టర్ టార్క్ సున్నా చేయాలి. కారులో ఉన్న ఇనర్షియా స్విచ్ (ఢీకొన్నప్పుడు తెగేది) పారేయకండి, పెట్రోల్ పంపును ఆపేది ఇప్పుడు కాంటాక్టర్లను ఆపుతుంది. రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారును ఆపుతూ కరెంటును బ్యాటరీకి తిరిగి పంపడం) మొదట తక్కువలో పెట్టండి. వెనక చక్రాల కారులో తడి రోడ్డు మీద గట్టి రీజెన్ వస్తే వెనక భాగం పక్కకు లాగేస్తుంది. రీజెన్‌తో వేగం తగ్గుదల సెకను వర్గానికి 1.3 మీటర్లు దాటితే బ్రేక్ లైటు వెలగాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ పనిచేయదు, ఆ సంగతి నడిపే ప్రతివాళ్లకూ చెప్పాలి.

ఛార్జింగ్

బండిలోనే ఉండే 3.3 లేదా 6.6 కిలోవాట్ల ఛార్జర్ చాలు. 30 కిలోవాట్-అవర్ల ప్యాక్ 20 శాతం నుంచి నిండడానికి 3.3తో ఏడెనిమిది గంటలు, 6.6తో నాలుగు గంటలు. బయటి ఏసీ ఛార్జింగ్ పాయింట్ కరెంటు ఇవ్వాలంటే కంట్రోల్ పైలట్ తీగ మీద సంకేతం కావాలి. కారు వైపు డయోడ్‌తో 2.74 కిలోఓమ్‌లు పెడితే వోల్టేజి 9కి దిగుతుంది, ‘కారు తగిలింది’ అని అర్థం. దానికి 1.3 కిలోఓమ్‌లను పారలల్‌గా కలిపితే 6కి దిగుతుంది, అప్పుడు కరెంటు వదులుతుంది. పాయింట్ ఎన్ని ఆంప్స్ ఇవ్వగలదో పల్స్ వెడల్పులో, అంటే సంకేతం ఆన్‌లో ఉండే కాలపు శాతంలో, చెబుతుంది. 85 శాతం దాకా శాతాన్ని 0.6తో గుణిస్తే ఆంప్స్, 50 శాతం అంటే 30 ఆంప్స్. ఛార్జర్‌ను ఆపే అధికారం బీఎంఎస్‌కు ఉండాలి, ఒక్క సెల్ హద్దు దాటినా ఆపాలి. ప్లగ్ తగిలి ఉండగా కారు కదలకుండా ఇంటర్‌లాక్ పెట్టండి. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ ఖర్చు, సంక్లిష్టత రెండూ ఎక్కువ. మొదటి దశలో వద్దు.

డబ్బు ఎక్కడికి పోతుంది

కొత్త భాగాలతో చేస్తే బడ్జెట్‌ను ఇలా పంచుకుని మొదలుపెట్టండి: బ్యాటరీకి 40 నుంచి 45 శాతం, మోటారు-ఇన్వర్టర్‌కు 20 నుంచి 25, ఛార్జర్, డీసీ-డీసీ, బీఎంఎస్‌కు 10 నుంచి 15, అడాప్టర్, బాక్సులు, బ్రాకెట్లకు 10, మిగతాది చిల్లర సామానుకు. బడ్జెట్‌ను ముంచేది ఈ చిల్లర సామానే. ఫ్యూజులు, కాంటాక్టర్లు, హై వోల్టేజి కనెక్టర్లు, లగ్గులు, గ్లాండులు, నారింజ కేబుల్, పంపులు ఒక్కోటీ చిన్నదే, మొత్తం చూస్తే ఇన్వర్టర్ ధరను దాటేస్తాయి. పైన ఇంకో 20 శాతం చేతిలో ఉంచుకోండి. సొంతంగా చేసినా 200 గంటలకు తక్కువ పని కాదు. వర్క్‌షాపులో చేయిస్తే ఆ గంటల కూలి ఒక్కోసారి బ్యాటరీ ధరతో పోటీపడుతుంది.

అన్నింటికంటే చవకైన దారి, ప్రమాదంలో దెబ్బతిన్న ఎలక్ట్రిక్ కారును మొత్తంగా కొనడం. మోటారు, ఇన్వర్టర్, ఛార్జర్, డీసీ-డీసీ, కేబుళ్లు, పెడల్, హీటర్, కంప్రెసర్ అన్నీ ఒకదానితో ఒకటి కుదిరేవే వస్తాయి. మిగిలిన తలుపులు, సీట్లు, అద్దాలు అమ్ముకోవచ్చు. విడిభాగాలుగా కొంటే ఒకటి మర్చిపోయి దానికోసం వారాలు ఎదురుచూడాల్సి వస్తుంది.

ఎప్పటికి గిట్టుబాటు అన్నది ఎవరి ధరలతో వాళ్లే లెక్క వేసుకోవచ్చు. 100 కి.మీ.కు 7 లీటర్లు తాగే కారు, మారాక ఛార్జింగ్ నష్టాలతో కలిపి 17 యూనిట్లు తింటుంది. లీటరు పెట్రోలు ధర 10 యూనిట్ల కరెంటు ధరకు సమానం అనుకుంటే 100 కి.మీ.కు 70లోంచి 17 పోగా 53 యూనిట్ల విలువ మిగులుతుంది. మార్పిడి ఖర్చు లక్ష యూనిట్ల ధర అయితే, అది తిరిగి రావడానికి దాదాపు 1,90,000 కి.మీ. తిరగాలి. ఏడాదికి 10,000 కి.మీ. తిరిగేవాళ్లకు పెట్రోలు ఆదాతో ఇది గిట్టదు. అలాంటివాళ్లకు సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారే మంచిది. రోజూ ఒకే దారిలో ఎక్కువ తిరిగే బండికి, ఇంజన్ ఎలాగూ పూర్తిగా ఓవర్‌హాల్ చేయాల్సిన స్థితిలో ఉన్నదానికి, బాడీ గట్టిగా ఉండి వదులుకోలేని పాత మోడల్‌కు మాత్రం లెక్క మారుతుంది. ఓవర్‌హాల్‌కు అయ్యే డబ్బును, తీసిన ఇంజన్ అమ్మితే వచ్చేదాన్ని మార్పిడి ఖర్చులోంచి తీసేసి మళ్లీ వేయండి. ఇంజన్ ఆయిల్, ప్లగ్గులు, టైమింగ్ బెల్టు ఖర్చు కూడా ఇక ఉండదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

నడిచే చక్రాలను స్టాండుల మీద లేపండి, జాకీ మీద వదలకండి. ముందు హై వోల్టేజి లేకుండా 12 వోల్టుల వ్యవస్థ ఒక్కటే ఆన్ చేసి, కాంటాక్టర్లు సరైన వరుసలో మూసుకుంటున్నాయో, ఇనర్షియా స్విచ్ తడితే విడిపోతున్నాయో చూడండి. తర్వాత మెయిన్ ఫ్యూజు స్థానంలో 10 ఆంప్స్ డీసీ ఫ్యూజు పెట్టి ప్రీఛార్జ్ పరీక్షించండి. ఇన్వర్టర్‌లో టార్క్‌ను 10 శాతానికి తగ్గించి మోటారు తిప్పండి. ముందుకు గేరు వేసి పెడల్ తొక్కితే చక్రాలు వెనక్కి తిరిగితే ఇన్వర్టర్ సెట్టింగులో దిశ మార్చండి. మోటారు గుర్రుమంటూ వణుకుతుంటే పొజిషన్ సెన్సర్ ఆఫ్‌సెట్ తప్పు, అలాగే నడపకండి.

రోడ్డు మీదికి వెళ్లేముందు మళ్లీ కాటాకు వెళ్లి యాక్సిళ్ల తూకం వేయించి పాత అంకెలతో పోల్చండి. ఎత్తు తగ్గిన వైపు స్ప్రింగులు మార్చి, అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల వాలు సరిచేయించండి. మొదటి ప్రయాణాలు ఇంటి చుట్టూనే, సగం టార్క్‌తో చేయండి. ఆగిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో లగ్గులు, కాంటాక్టర్లు, ఫ్యూజు, మోటారు తీగలు చూడండి. పక్కవాటికంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న జాయింటు వదులుగా ఉన్నట్టే. 500 కి.మీ. తిరిగాక సర్వీస్ డిస్‌కనెక్ట్ లాగి, బస్‌బార్ల పెయింట్ గీతలు కదిలాయేమో చూసి, మోటారు మౌంట్లు, అడాప్టర్ బోల్టులు మళ్లీ టార్క్‌కు బిగించండి. గేర్‌బాక్స్ ఆయిల్ అప్పుడే మార్చి, ప్లగ్ అయస్కాంతానికి అంటిన పొడి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి మామూలే. మెరిసే రేకులు కనిపిస్తే అడాప్టర్ విప్పి డయల్ గేజ్ మళ్లీ పెట్టాల్సిందే.